పెళ్లిపందిట్లో డాక్టర్లకు కొదవా!

మా సింగరాయకొండ వైపు డాక్టరు కానివాణ్ణి వెతికి పట్టుకోవడమే కష్టం. సూది వేసేవాడు డాక్టరు. మందుల షాపులో కూర్చుని బిళ్ళలు ఇచ్చేవాడు డాక్టరు. పళ్ల డాక్టరు, కళ్ల డాక్టరు సరే, చెరువు గట్టున నిలబడి నీళ్ల రంగు చూసి తల ఊపేవాడు కూడా రొయ్యల డాక్టరే. ఆయన ఫోను ఎత్తకపోతే రైతుకు బీపీ వస్తుంది, దానికి వేరే డాక్టరు. ఇక ఆరెంపీ గారి సంగతి చెప్పేదేముంది? ఆ మూడక్షరాలూ విడదీస్తే రిజిస్టరు అయిన వైద్యుడని అర్థం. చట్టం లెక్కలో అయితే వైద్య మండలి పుస్తకంలో పేరున్నవాళ్లకే అది చెల్లుతుంది. మన ఊళ్లలో మాత్రం ఏ పుస్తకంలోనూ పేరు లేనివాళ్లకే ఖాయమైపోయింది. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనొక్కడే, ఇక రిజిస్టరు చూపించమని ఎవరడుగుతారు? అంతెందుకు, 2021లో కరోనాకు ఆనందయ్య ఇచ్చిన మందు కోసం కృష్ణపట్నం దారి పట్టిన జనంలో ఆయన పేరు వెనక ఏ అక్షరాలున్నాయో అడిగినవాడు ఒక్కడన్నా ఉన్నాడా?

ఇంతమంది డాక్టర్లూ ఒక్కచోట చేరితే ఏమవుతుందో మొన్న రోహిణి కార్తెలో జరిగిన పెళ్లిలో చూశాను.

ముహూర్తం పన్నెండు దాటాక. కల్యాణమండపంలో ఏసీ ఉంది గానీ అది పెళ్లికొడుకు తలపాగా దాకా వచ్చి ఆగిపోతోంది. పెళ్లికూతురి పెదనాన్న దంపతులు పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తున్నారు. పురోహితుడు గోత్రనామాలు చదువుతుండగా ఆ పెద్దమనిషి చెంబు వదిలేశాడు. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. "ఏందయ్యా, ఏమయింది?" అంటే పొంతన లేని మాటలు. పక్కకు ఒరిగిపోయాడు.

సన్నాయి ఆగింది. మైకులో ఎవరో అరిచారు: "పెళ్లికి వచ్చినవాళ్లలో డాక్టర్లుంటే వెంటనే స్టేజీ మీదికి రావాల!"

వచ్చారు. ఎగబడి వచ్చారు. ఆ తొక్కిసలాటలో ఫొటోగ్రాఫరు లైటు పడిపోయింది.

ముందు చేరింది రొయ్యల డాక్టరు. "గాలాడటం లేదు, ఆక్సిజన్ పడిపోయింది. ఆ ఏరేటర్లు రెండూ ఇటు తిప్పండి!" అన్నాడు. ఏరేటర్లంటే చెరువు నీళ్లకు గాలి పట్టించే మిషన్లు, ఇక్కడ మాత్రం స్టాండు ఫ్యాన్లని అర్థం చేసుకుని కుర్రాళ్లు తిప్పారు. అక్షింతల పళ్లెం మొత్తం వెళ్లి పురోహితుడి ఒళ్లో పడింది.

తర్వాత పశువుల డాక్టరు. ఒంగోలు గిత్తల పందేలున్న చోటల్లా ఆయన ఉండాల్సిందే, మంచి చెయ్యి. నుదురు పట్టి చూసి, "జ్వరం లేదు. అయినా నూటొకటి దాకా నార్మలే" అన్నాడు.

"అది గిత్తలకండీ!" అన్నారు ఆరెంపీ గారు, వెనక నుంచి బ్యాగు తెరుస్తూ.

పశువుల డాక్టరు పట్టించుకోలేదు. పెద్దమనిషి భార్య వైపు తిరిగి, అలవాటు చొప్పున, "పొద్దున్నించి మేత తీసుకున్నాడా?" అని అడిగాడు. స్టేజీ మీద ఇంత కంగారులోనూ నవ్వులు.

ఈలోగా కుర్రాళ్లు మా తెలుగు మాస్టారిని రెక్క పుచ్చుకుని లాక్కొచ్చారు. ఆయన ఎర్రన పద్యాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. శుభలేఖ మీద పేరుకు ముందు 'డా.' అని రాసి పంపినవాళ్లు వదులుతారా? "నేనా డాక్టర్ని కాదు బాబూ" అంటే, "చదువుకున్నోళ్లంతా ఇట్టాగే అంటారు, చెయ్యి చూడండి సార్" అని రోగి మణికట్టు ఆయన చేతిలో పెట్టారు. చెయ్యి పట్టుకున్నాక ఏదో ఒకటి మాట్లాడాలి గదా. "అమ్మా, అసలు ఈ డాక్టరు అనే మాట లాటిన్‌లో బోధించడం అనే ధాతువు నుంచి వచ్చింది. మొదట యూనివర్సిటీల్లో పాఠం చెప్పేవాళ్లకే ఇది. మందులిచ్చేవాళ్లు తర్వాత మా దగ్గర తీసుకున్నారు. ఎంబీబీఎస్ కూడా నిజానికి బ్యాచిలర్ డిగ్రీయే. ఇంగ్లండులో సర్జన్లు ఇప్పటికీ మిస్టర్ అనే..." ఆవిడ కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "అంత పెద్ద జబ్బా సార్?" అంది.

వీళ్లందరి మోచేతుల కింద నుంచి ఒక పిల్ల తల పెట్టింది. పెళ్లికూతురి పిన్ని కూతురు, ఎంబీబీఎస్ అయిపోయి హౌస్ సర్జన్ చేస్తోంది. అప్పటికి చాలాసేపటి నుంచి "కొంచెం జరగండి, కొంచెం జరగండి" అంటూనే ఉందట. "పెద్ద డాక్టర్లు చూస్తున్నారు, నువ్వు పక్కకుండమ్మాయ్" అని ఓ మేనమామ ఆమె చేతికి విసనకర్ర ఇచ్చాడు.

ఆ పిల్ల విసనకర్ర కింద పడేసి, "ఆ పశువుల డాక్టరు గారు అడిగింది కరెక్టే. పెదనాన్న పొద్దున్నించి ఏమన్నా తిన్నాడా?" అంది.

కన్యాదానం చేసేవాడు తింటాడా? ఉపవాసం. మరి షుగరు బిళ్ళ? "అది మానితే ఎట్టా, పొద్దున్నే వేశాగా" అంది పెద్దమ్మ.

ఆరెంపీ గారి బ్యాగులో షుగరు చూసే మిషను ఉంది, అది మాత్రం ఒప్పుకోవాలి. వేలు గుచ్చితే 52 చూపించింది. డెబ్బయి కంటే తగ్గితేనే షుగరు పడిపోయినట్టు. మనిషికి తెలివుంది, మింగగలుగుతున్నాడని చూసుకుని ఆ పిల్ల మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 90 దాటింది. పెద్దమనిషి కళ్లు సర్దుకుని చుట్టూ చూసి, "ముహూర్తం దాటిపోలేదు గదా?" అన్నాడు.

పెళ్లి మళ్లీ మొదలైంది. వంటశాల వైపు నుంచి, "ఆ నర్సమ్మను ఇంకో గ్లాసు మజ్జిగ పట్టుకురమ్మనండి" అని కేక వినపడింది. నర్సమ్మ అంటే మన హౌస్ సర్జనే. సూది లేకుండా వైద్యమేందని నలుగురూ గొణిగితే, ఆరెంపీ గారు ఊరికే ఉండలేక ఒక బీకాంప్లెక్సు పొడిచారు. దాంతో అందరికీ నమ్మకం కుదిరింది.

అయితే పెద్దమనిషి కళ్లు తెరిచినప్పుడు చెయ్యి పట్టుకుని ఉన్నది మాస్టారు. అందుకని పెద్దమ్మ భోజనాల దగ్గర ఆయన్ను పట్టుకుంది. తాంబూలంలో ఐదొందల నోటు. "వద్దమ్మా, నేను తెలుగు..." అంటుంటే, "వైద్యుడి చేతిలో డబ్బులు పెట్టకపోతే మందు పనిచెయ్యదు, ఉంచండి" అని జేబులో కుక్కేసింది. అక్కడితో వదిలిందా? "ఆ చేత్తోనే నా మోకాళ్ల నొప్పులకు కూడా ఏదన్నా రాయండి" అని శుభలేఖ కవరు, పెన్ను ముందు పెట్టింది.

పక్క విస్తట్లో పూర్ణాలు చల్లారిపోతున్నాయి. తప్పించుకునే దారి లేక ఆయన, "ఒంగోలు పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించుకోండి" అని గబగబా రాసిచ్చాడు. ఏళ్ల తరబడి డిగ్రీ పేపర్లు దిద్దిన చెయ్యి, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయనకే తెలియదు.

సాయంత్రం ఆ చీటీ మందుల షాపులో ఇస్తే, కౌంటర్లో కుర్రాడు ఒకసారి పైకీ కిందికీ చూసి మూడు రకాల బిళ్ళలు, ఒక ఆయింట్‌మెంటు ఇచ్చాడట. ఇప్పుడు నొప్పులు బాగా తగ్గాయని, వచ్చే వారం చెల్లెల్ని కూడా తీసుకొస్తానని పెద్దమ్మ మాస్టారికి ఫోను చేసింది.