ఖర్జూరానికి పిన్‌కోడ్ శిక్ష

యూరోపియన్ యూనియన్‌కి అంతరాత్మ లేదని గిట్టనివాళ్లు ఆడిపోసుకుంటుంటారు. ఎందుకు లేదూ? ఉంది. కస్టమ్స్ శాఖలో ఉంది.

ఇజ్రాయెల్ ఆక్రమించిన పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో కట్టిన ఇజ్రాయెలీ సెటిల్‌మెంట్లు (నివాసాలు) అంతర్జాతీయ చట్టం ప్రకారం అక్రమమని యూనియన్ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పి ఊరుకుందా? ఊరుకోలేదు. అక్కడి ఖర్జూరం రేవులో దిగిందంటే ఆపి పిన్‌కోడ్ అడుగుతారు. సరుకు ఎక్కడ తయారైందో ఇజ్రాయెల్ పత్రాల్లో పిన్‌కోడ్‌తో సహా రాయాలని 2005 నుంచి ఏర్పాటు ఉంది. అధికారి జాబితా తీసి, వేలు పెట్టి వెతికి, ఇది సెటిల్‌మెంట్‌దేనని తేల్చుకున్నాక కఠిన చర్య తీసుకుంటాడు: ఇజ్రాయెల్ సరుక్కిచ్చే సుంకం రాయితీ దీనికి ఇవ్వడు. ఖర్జూరం మామూలు సుంకం కట్టేసి దర్జాగా లోపలికి వెళ్తుంది. 2019లో యూరప్ న్యాయస్థానం ఇంకో మెట్టెక్కి, వైన్ సీసా మీద సెటిల్‌మెంట్ సరుకని రాసి తీరాలంది. ఇక మిగిలింది కొనేవాడి అంతరాత్మ. అదీ కళ్లజోడు తెచ్చుకుంటేనే.

ఇంత చక్కటి ఏర్పాటు ఉండగా, 2018లో ఐర్లండ్ సెనేటర్ ఫ్రాన్సెస్ బ్లాక్ అసలా సరుకే వద్దని బిల్లు పెట్టారు. వాణిజ్యం యూనియన్ సొత్తు, ఒక్క దేశం చెయ్యి పెట్టకూడదన్న జవాబు ప్రభుత్వం దగ్గర రెడీగా ఉంది. బిల్లు బీరువా ఎక్కింది. ఆక్రమణను నిలబెట్టే వ్యాపారాన్ని దేశాలు అడ్డుకోవాలని 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పాక గానీ బీరువా తాళంచెవి దొరకలేదు. తీరా చూస్తే, యూనియన్ దిగుమతి నిబంధనల్లోనే ప్రజా నైతికత కోసం సభ్యదేశం సరుకు ఆపుకోవచ్చని ఒక మినహాయింపు ఉంది! ఆ మాట రాసిన పెద్దమనిషి దాన్ని ఎవరైనా నిజంగా వాడతారని అనుకుని ఉండడు, పాపం.

ఇంతకీ 2020 నుంచి 2024 దాకా ఆ సెటిల్‌మెంట్ల నుంచి ఐర్లండ్‌కి వచ్చిన సరుకు విలువ ఏడు లక్షల యూరోల లోపే. అంత టెన్షన్ పడ్డది దీనికి.

ఒంటరిగా దూకకూడదన్న సూత్రం మాత్రం ఊరికే పుట్టలేదు. మొరాకో గుప్పిట్లో ఉన్న పశ్చిమ సహారా టమాటాలు, కర్బూజాలు మొరాకో పేరుతో వస్తున్నాయని ఫ్రాన్స్ రైతు సంఘం ఒకటి కోర్టుకెక్కింది. 2024 అక్టోబర్ 4న యూరప్ న్యాయస్థానం తీర్పొచ్చింది. లేబుల్ మీద పశ్చిమ సహారా అని రాయాల్సిందే. రాయని సరుకుని ఫ్రాన్స్ ఒక్కతే ఆపేయడానికి మాత్రం వీల్లేదు, అది యూనియన్ పని. మరి యూనియన్ ఎప్పుడు చేస్తుంది? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత ఉన్నా, ఈ గొర్రె చావలేదు, విధివిధానాల ప్రకారం మేస్తోంది. వాణిజ్య నిర్ణయానికి 27 దేశాల్లో 15 కావాలి, జనాభాలో 65 శాతం కావాలి. అదే ఆంక్షలైతే అందరి చేతులూ లేవాలి. 2025 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ వాణిజ్య రాయితీలు నిలిపేద్దామని యూనియన్ పాలన నడిపే కమిషనే ప్రతిపాదించింది. పెద్ద దేశాలు తలూపితే తప్ప ఆ 65 పూర్తి కాదు.

క్రిమియా సంగతేమిటని కొందరు కొంటెవాళ్లు అడుగుతారు. 2014 మార్చిలో ఉక్రెయిన్ నుంచి దాన్ని రష్యా కలిపేసుకుంటే, జూన్ 23 కల్లా అక్కడి సరుకుల దిగుమతి మీద ఉమ్మడి నిషేధం వచ్చేసింది. చేతులన్నీ ఠక్కున లేచాయి. వెస్ట్ బ్యాంక్ ఆక్రమణ 1967 నాటిది, అంటే సీనియర్. సీనియర్ల విషయంలో నిదానం మర్యాద.

ఈలోగా స్లొవేనియా 2025 ఆగస్టులో సెటిల్‌మెంట్ సరుకుల్ని సొంతంగా నిషేధించేసింది. సెప్టెంబర్‌లో స్పెయిన్ కూడా అలాంటి డిక్రీయే తెచ్చింది. ఇలా ఎవరికి వాళ్లు నైతికతకి దిగితే ఉమ్మడి మార్కెట్ కుప్పకూలుతుందని పెద్దలు హెచ్చరించారు కదా, నేనూ భయభక్తులతో ఎదురుచూస్తున్నాను. ఇంకా కూలలేదు. కూలలేదని ఒక్క దేశం ప్రకటిస్తే చెల్లదు, 27 దేశాలూ కలిసి నిర్ధారించాలి.