పిజ్జా మీద లూసియానా మొత్తం

హ్యూస్టన్ తెలుగువాళ్లకి ఐ-10 రహదారి ఎక్కితే పక్క రాష్ట్రం లూసియానాలోని లాఫయెట్ మూడున్నర గంటలు, న్యూ ఆర్లీన్స్ ఐదున్నర. లాంగ్ వీకెండ్‌కి అటు వెళ్లొచ్చినవాళ్ల ఐస్ పెట్టెలో ఏముంటుందో మూత తీయకుండానే చెప్పచ్చు: పౌను ప్యాకెట్టు క్రాఫిష్ (మంచినీటి రొయ్యలాంటిది) తోకలు, దారిలో లాప్లాస్ ఊళ్లో కొన్న ఆండూయి అనే పొగబెట్టిన పంది సాసేజ్, ఓ డబ్బా కేజన్ మసాలా. ఆ పై శనివారం ఇంటాయన చొక్కా చేతులు మడిచి, "ఈ పూట పిజ్జా నాది, వంటింట్లోకి ఎవరూ రాకండి" అంటాడు. అక్కడితో ఆ పూట భోజనం రాత్రి తొమ్మిదింటికి వాయిదా పడినట్టే.

పిజ్జాకీ లూసియానాకీ పొంతన కుదరదని కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇటలీలోని సిసిలీ నుంచి న్యూ ఆర్లీన్స్‌కి జనం ఓడలకి ఓడలు దిగారు. ఆలివ్ ఊరగాయ దట్టించే మఫులెట్టా శాండ్‌విచ్ వాళ్ల చలవే. అసలు చిక్కు తడితో. గంబో అనే పులుసు, ఎటుఫే అనే చిక్కటి గ్రేవీ కూర, రెడ్ బీన్స్ అన్నీ అన్నంలోకి కలుపుకోవడానికి పుట్టినవి. పిజ్జాకి తడి పడదు. ఈ ఒక్క ముక్క తెలియకే మన ఇంటాయన పన్నెండంగుళాల పిండి మీద క్రాఫిష్, రొయ్యలు, ఆండూయి, బెండకాయ, ఎటుఫే గ్రేవీ అన్నీ వేయాలని కంకణం కట్టుకున్నాడు.

మొదటి తగువు టమాటా దగ్గర. ఇల్లాలు సాస్ సీసా తీయబోతే, "కేజన్ వంటలో టమాటా ఉండదు" అని అడ్డుపడ్డాడు. ఆయనన్నదాంట్లో సగం నిజం. 1755లో బ్రిటిష్ వాళ్లు నోవా స్కోషియా నుంచి వెళ్లగొట్టిన అకేడియన్లలో చాలామంది తర్వాత లూసియానా దక్షిణాన బయూల (మెల్లగా పారే చిత్తడి కాలువల) పక్కన, గడ్డిమైదానాల్లో స్థిరపడ్డారు. వాళ్ల పల్లెటూరి వంట కేజన్. న్యూ ఆర్లీన్స్ పట్నం వంట క్రియోల్. ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ చేతులన్నీ పడి అందులోకి టమాటా చేరింది. రెండింటినీ విడదీసే గీత అంత ఖచ్చితమైనదేం కాదు. ఈ చరిత్రంతా ఆయన చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా హ్యూస్టన్ ఉక్కకి గట్టు మీది పిండి పొంగి గిన్నె దాటింది.

పిండి సంగతి ముందురోజే తేల్చుకోవాలి. బ్రెడ్ ఫ్లోర్ 500 గ్రాములు, నీళ్లు 325, ఉప్పు 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ 2 గ్రాములు. కలిపి ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచి మూడు ఉండలు చేస్తే ఒక్కోటీ పన్నెండంగుళాలకి సరిపోతుంది. ఈయన ఈస్ట్ నాలుగింతలు వేసి పొద్దున కలిపి గట్టు మీదే వదిలేశాడు. పిండి జావ జావగా సాగుతుంటే, "బాగా ఊరింది" అని మురిసిపోయాడు.

ఇక గ్రేవీని చిక్కబరిచే ‘రూ’ సంగతి. నూనె, మైదా సరిసమానంగా తీసుకుని సన్నసెగ మీద చెక్క గరిటె ఆపకుండా తిప్పడం. రెండు పిజ్జాలకి మూడేసి టేబుల్ స్పూన్లు చాలు. వెన్నతో ముదురు రంగు దాకా వెళ్లకూడదు, అందులోని పాల పదార్థం మాడుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలకి వేరుశనగ ముద్ద రంగు వస్తుంది. ఎటుఫేకి అక్కడ ఆపేయాలి. చాక్లెట్ రంగు కావాలంటే ముప్పావుగంట నిలబడాలి. ఆయన పన్నెండో నిమిషంలో ఫోనెత్తాడు. చూస్తుండగానే రూలో నల్ల చుక్కలు తేలాయి.

"మాడింది కదా బాబూ" అన్నారు గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు, గుమ్మం దాటకుండానే.

"అది కారమెల్ అత్తయ్యగారూ."

కారమెల్ కాదు, బొగ్గు. నల్ల చుక్క కనపడ్డాక వడగట్టినా లాభం లేదు, చేదు నూనె మొత్తానికి ఎక్కేస్తుంది. పారబోయడమే. అలాగని సింకులో వంచితే గొట్టంలో గడ్డకడుతుంది. చల్లార్చి చెత్తబుట్టలో వేయాలి. వేడి రూ చుక్క చేతిమీద పడితే చర్మానికి అతుక్కుని కాలుస్తుంది. అక్కడి వంటవాళ్లు దానికి కేజన్ నాపామ్ అని పేరు పెట్టింది ఊరికే కాదు.

రెండోసారి పట్టుదలగా చాక్లెట్ రంగు దాకా లాగాడు. రంగు నిజంగానే అద్భుతం. అయితే రూ ముదిరేకొద్దీ మైదాలోని పిండిపదార్థం విరిగి చిక్కబరిచే శక్తి తగ్గుతుంది. ఆ సంగతి తెలియని ఆయన అందులో ఉల్లి, సెలరీ, క్యాప్సికం (అక్కడ వీటిని హోలీ ట్రినిటీ అంటారు, ఉల్లి రెండు పాళ్లయితే మిగతావి చెరొక పాలు) పచ్చివాటంగానే కుమ్మరించి రెండు కప్పుల స్టాక్ (ఉడకబెట్టి వడగట్టిన రసం) పోశాడు. వచ్చింది చారు. ఆ చారులో పచ్చి బెండకాయ చక్రాలు వేశాడు. బెండకాయని నీళ్లలో వేస్తే ఏమవుతుందో తెలుగువాడికి ఒకరు చెప్పాలా! అయినా చారు చిక్కబడకపోయేసరికి ఫీలే పొడి గుర్తొచ్చింది. అక్కడి ఆదివాసులైన చోక్టా జనం సస్సాఫ్రస్ చెట్టు ఆకు ఎండబెట్టి దంచిన ఆ పొడిని పొయ్యి దించాక చల్లాలి. మరిగే దాంట్లో వేస్తే తీగలు సాగుతుంది. మరిగే దాంట్లోనే వేశాడు.

రుచి చూసి, "కారం లేదేంటి?" అని మసాలా డబ్బా వంచాడు. ఒక చెంచా, ఇంకో చెంచా, మరొకటి. తెలుగువాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. కాయెన్ మిరప ఘాటులో మన గుంటూరు సన్నానికేమీ తీసిపోదు, ఇంచుమించు ఒకటే. అయితే దుకాణంలో దొరికే కేజన్ మసాలాలో సాధారణంగా మొదటి దినుసే ఉప్పు. కారం కోసం డబ్బా వంచితే గిన్నెలో పడేది ఉప్పు. ఆండూయిలో ఉప్పు, చీజ్‌లో ఉప్పు, పిండిలో ఉప్పు. అందుకే ఇంట్లో కలుపుకోవడం మేలు: పాప్రికా రెండు చిన్న చెంచాలు, వెల్లుల్లి పొడి ఒకటి, ఉల్లిపొడి ఒకటి, థైమ్, ఒరెగానో, మిరియాలు, కాయెన్ తలా అర, తెల్ల మిరియాలు పావు. ఉప్పు సున్నా.

పిజ్జా రాయిని 500 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 45 నిమిషాల నుంచి గంట కాల్చాలి. ఆ ఒక్క పనీ సక్రమంగా చేశాడు, అదే కొంప ముంచింది. పీల్ (పిజ్జాని ఓవెన్లోకి జార్చే చెక్క పలక) మీద పిండి పరిచి పైన అలంకారాలన్నీ చేసి, ఫొటోలు తీసేసరికి పన్నెండు నిమిషాలైంది. ఈలోగా చారు పిండిలోకి దిగి, పిండి చెక్కకి కరుచుకుంది. ఓవెన్ తలుపు తీసి ఒక ఊపు ఊపాడు. కదల్లేదు. రెండో ఊపుకి రొయ్యలు ముందు బయల్దేరాయి. మూడో ఊపుకి పిజ్జా సగం రాయి మీద, సగం అంచున, తీగ మీద ఆరేసిన దుప్పటిలా వేలాడింది. ఆండూయి కొవ్వు, ఉప్పుచారు ఓవెన్ అడుగున పడి భగ్గుమన్నాయి. స్మోక్ అలారం మొదలైంది. పిల్లలు చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెత్తారు. ఆయన తువాలుతో అలారానికి విసురుతూ, "ఎవరైనా ఆ తలుపు తీయండి!" అని అరిచాడు, వంటింట్లోకి ఎవరూ రావద్దన్న నోటితోనే.

రెండో ఉండ ఇల్లాలి చేతికొచ్చింది. మూకుట్లో మిగిలిన చారు జోలికి పోలేదు. రూ కొత్తగా మొదలెట్టి వేరుశనగ రంగుకి ఆపింది. ట్రినిటీ విడిగా, నీరంతా ఇగిరేదాకా వేయించి అందులో కలిపింది. స్టాక్ ముప్పావు కప్పే. గరిటెతో గీస్తే మూకుడు అడుగు కనపడేదాకా ఉడికించి పూర్తిగా చల్లార్చింది. వేడి సాస్ పరిస్తే పిండి కాలకముందే మెత్తబడుతుంది మరి. 60 గ్రాముల ఆండూయిని పల్చటి బిళ్లలుగా కోసి, కొవ్వు వదిలేదాకా వేయించి పేపర్ టవల్ మీద తీసింది. క్రాఫిష్ తోకలు ఉడికించే అమ్ముతారు, మళ్లీ పది నిమిషాలు కాలిస్తే రబ్బరే. అందుకని వంద గ్రాములు తీసి, ప్యాకెట్టులోని నారింజ రంగు కొవ్వు సాస్‌లో కలిపి, తోకలు చీజ్ కిందికి తోసింది. చీజ్ తడి తక్కువ మొజరెల్లా, 130 గ్రాములు. పీల్ మీద బొంబాయి రవ్వ చల్లి, పరిచిన నిమిషంన్నరలో లోపలికి జార్చింది. తొమ్మిది నిమిషాలు. పైన ఉల్లికాడలు.

"ఈ కూర అన్నంలో కూడా బాగుంటుందమ్మాయ్" అన్నారు అత్తగారు, రెండో ముక్క తీసుకుంటూ. లూసియానాలోని బ్రో బ్రిడ్జ్ ఊరి జనం తినేది అలాగే. 1959లో రాష్ట్ర శాసనసభ ఆ ఊరిని ప్రపంచ క్రాఫిష్ రాజధానిగా ప్రకటించింది కాబట్టి వాళ్ల మాటకి తిరుగులేదు.

మూడో ఉండ ఫ్రిజ్‌లో ఉంది. దాని మీద ఏం వేయాలా అని ఇంటాయన అప్పుడే రెండు వీడియోలు చూశాడు. రెండింట్లోనూ గంబోయే.