స్ట్రిప్ మూస్తే రేసు రోడ్డెక్కుతుంది

డిస్కవరీ చానల్‌లో 2013లో మొదలైన 'స్ట్రీట్ ఔట్‌లాస్' అమెరికా డ్రాగ్ రేసింగ్ (రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నటి దారిలో ఎవరు ముందో తేల్చుకునే పందెం) అభిమానులను రెండుగా చీల్చింది. షో సంగతి ఇదీ. ఓక్లహోమా సిటీలో రాత్రిపూట మామూలు రోడ్డు మీద పందేలు, ఊళ్లో ఎవరి కారు మొదటి పదిలో ఉందో తేల్చే జాబితా, ఆ జాబితా కోసం అరుపులు, అలకలు. అసలైన రేసింగ్ అంటే ఇదేనని, డ్రాగ్ స్ట్రిప్ మీద, అంటే ఈ పందేల కోసమే కట్టిన ట్రాక్ మీద, టికెట్ పెట్టి నడిపేదంతా కార్పొరేట్ తతంగమని దాని అభిమానులు అంటారు. ఇలాంటి వీధి పందేల్లో పాల్గొంటే పోటీ లైసెన్సు పోతుందని, ట్రాక్ పోటీలు నడిపే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్, అంటే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, తన రేసర్లను హెచ్చరించాక గొడవ ఇంకా ముదిరింది. ఈ గొడవలో నేను నూటికి నూరు శాతం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వైపు. ఆ సంస్థలో లోపాలు లేక కాదు. ఒక మనిషి పోతే ఎందుకు పోయాడో కనుక్కుని, మర్నాటి నుంచి పద్ధతి మార్చే ఏర్పాటు దాని దగ్గర ఉంది. రోడ్డుకు అది లేదు, ఉండే అవకాశమూ లేదు.

2008 జూన్ 21 సంగతే తీసుకోండి. న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్ ట్రాక్ మీద స్కాట్ కలిట్టా క్వాలిఫయింగ్ పరుగులో ఉన్నాడు. డ్రాగ్ రేసింగ్‌లో అత్యంత వేగవంతమైన విభాగం టాప్ ఫ్యూయెల్‌లో రెండుసార్లు చాంపియన్. ఫినిష్ లైన్ దగ్గర ఇంజన్ పేలింది. కారు వేగం తగ్గలేదు. ట్రాక్ చివర ఆపడానికి పోసిన ఇసుకను కూడా దాటి వెళ్లిపోయింది. ఆయన చనిపోయాడు. డ్రాగ్ రేస్ అంటే క్వార్టర్ మైలు, 1,320 అడుగులు. ఆ దూరం ఈ ఆటకు ప్రాణం లాంటిది, దశాబ్దాల రికార్డులన్నీ దాని మీదే ఉన్నాయి. అయినా రెండు వారాలు తిరక్కముందే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ టాప్ ఫ్యూయెల్‌కు, దాని తర్వాతి మేటి విభాగం ఫన్నీ కార్‌కు దూరాన్ని 1,000 అడుగులకు కుదించింది. 320 అడుగులు తగ్గితే ఆగడానికి అంత చోటు పెరుగుతుంది. అభిమానులు తిట్టారు, పాత రేసర్లు నొచ్చుకున్నారు. నియమం మాత్రం నిలిచింది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 1970 మార్చిలో కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్. రేసర్ డాన్ గార్లిట్స్ కారులో ట్రాన్స్‌మిషన్ పేలి, కారు రెండు ముక్కలై, ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. అప్పట్లో డ్రాగ్‌స్టర్లలో, అంటే ఈ పందేలకే కట్టిన సన్నటి పొడవాటి కార్లలో, ఇంజన్ డ్రైవర్ ముందు ఉండేది. పేలితే ముక్కలన్నీ మనిషి మీదకే వచ్చేవి. గార్లిట్స్ మంచం మీద ఉండగానే ఇంజన్‌ను వెనక్కి మార్చే ఆలోచన మొదలుపెట్టాడు. 1971లో పొమోనా వింటర్‌నేషనల్స్‌లో ఆ కొత్త కారుతోనే గెలిచాడు. కొన్నేళ్లలో పాత పద్ధతి కార్లు అగ్రశ్రేణి పోటీల నుంచి మాయమయ్యాయి. 2007లో టెస్టింగ్‌లో డ్రైవర్ ఎరిక్ మెడ్లెన్ తలకు దెబ్బ తగిలి చనిపోతే, అతని యజమాని, తానూ రేసరే అయిన జాన్ ఫోర్స్ జట్టు డ్రైవర్ చుట్టూ ఉండే ఛాసిస్‌నే (కారు చట్రాన్నే) మళ్లీ డిజైన్ చేయించింది. 2024లో వర్జీనియాలో అదే ఫోర్స్, 75 ఏళ్ల వయసులో, గంటకు 300 మైళ్లు దాటిన వేగంతో వెళ్తుండగా ఇంజన్ పేలి గోడలను ఢీకొట్టాడు. మెదడుకు తీవ్ర గాయమైంది, కానీ బతికాడు. తరతరాలుగా ఒక్కో చావు నుంచి కూడబెట్టుకున్న జాగ్రత్తలే ఆయన్ను కాపాడాయని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు రోడ్డు వైపు చూడండి. 2022 ఆగస్టులో లాస్ వెగాస్ దగ్గర ఇదే షోకు చెందిన ఒక సిరీస్ షూటింగ్‌లో ఒక రేసర్ కారు అదుపు తప్పి, పల్టీలు కొట్టి, మంటల్లో చిక్కుకుంది. ఆయన చనిపోయాడు. వార్త వచ్చింది, సంతాపాలు వచ్చాయి. ఆ ప్రమాదం నుంచి నేర్చుకోవాల్సింది, వేరే ఊళ్లో మర్నాడు రాత్రి పందేనికి దిగే కుర్రాడికి ఎవరు చెప్పారు? చెప్పడానికి వీధి పందేనికి రూల్ బుక్ లేదు, తనిఖీ చేసే మనిషి లేడు.

ట్రాక్ మీద ఆ మనిషి ఉంటాడు. అనుమతి ఉన్న ఏ స్ట్రిప్‌కైనా సొంత కారుతో వెళ్లండి, ముందు టెక్ ఇన్‌స్పెక్షన్ లైన్లో నిలబడాలి. బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, చక్రాల నట్లు సరిగా ఉన్నాయా, కింద ఆయిల్ కారుతోందా అని వంగి చూస్తారు. 13.99 సెకన్లలో, లేదా అంతకన్నా తక్కువలో క్వార్టర్ మైలు కొట్టే కారైతే హెల్మెట్ ఉండాల్సిందే. 9.99 సెకన్లకు వచ్చిందంటే పోటీ లైసెన్సు కావాలి. వేగం పెరిగే కొద్దీ షరతులు బిగుస్తాయి. తర్వాత స్టార్టింగ్ లైన్. ముందు చక్రాలు ఒక కాంతి కిరణాన్ని తాకగానే 'క్రిస్మస్ ట్రీ' అనే దీపాల స్తంభం పైన చిన్న దీపం, ఇంకొంచెం జరిగితే రెండో దీపం. ఇద్దరూ నిలిచాక పసుపు దీపాలు, వాటి వెంటే ఆకుపచ్చ. తొందరపడితే ఎరుపు వెలుగుతుంది, పందెం పోయినట్టే. టీవీ రోడ్డు మీద ఈ పనంతా ఒక మనిషి చేతిలోని టార్చ్ లైటు చేస్తుంది. ఎవరు ముందు కదిలారన్నది అరుపుల్లో తేలాలి.

బ్రాకెట్ రేసింగ్ గురించి తెలిసిన వాళ్లెవరూ ట్రాక్ పోటీ డబ్బున్నోళ్ల ఆట అనరు. మీ కారు ఎన్ని సెకన్లు తీసుకుంటుందో మీరే ముందుగా రాసిస్తారు. 15 సెకన్ల ఫ్యామిలీ కారుకు, 11 సెకన్ల కారుకు పోటీ పడితే, నెమ్మది కారుకు నాలుగు సెకన్ల ముందే పచ్చ దీపం వెలుగుతుంది. చెప్పిన టైమ్ కన్నా వేగంగా వెళ్లినా ఓడిపోతారు. అందుకే ఇక్కడ గెలిచేది తన బండిని తాను ఎరిగినవాడు.

ఎదుటి పక్షం మాటలో నిజం లేకపోలేదు. టీవీ షో కొత్త ప్రేక్షకులను తెచ్చింది. నైట్రోమీథేన్ ఇంధనంతో నడిచే అగ్రశ్రేణి కార్ల ఖర్చు ఆకాశాన్నంటి, సామాన్యుడికి ఆ ఆట దూరమైన రోజుల్లో, గ్యారేజీలో సొంతంగా కట్టిన కారుకు ఈ షో మళ్లీ గౌరవం తెచ్చింది. ఒప్పుకుంటాను. కానీ 2018 నుంచి ఇదే షో మనుషులు 'నో ప్రెప్ కింగ్స్' పేరుతో డ్రాగ్ స్ట్రిప్పుల మీదకే వచ్చారు. జనం టికెట్ కొని వచ్చి చూశారు. థ్రిల్ ఎక్కడికీ పోలేదు. అంటే దానికి రోడ్డు అవసరం ఏనాడూ లేదన్నమాట. పైగా షో వాళ్లు రోడ్లు మూయించి, అనుమతులు తీసుకుని షూటింగ్ చేసిన సందర్భాలున్నాయి. అంబులెన్స్ కెమెరా వెనకాల ఉంటుంది. టీవీ ముందు కూర్చున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి కనిపించేది ఖాళీ రోడ్డు, టార్చ్ లైటు, పందెం డబ్బు. వాడు ఆ మూడింటినీ సంపాదించుకుని రోడ్డు మీదకు వెళ్తాడు. ఆ షో మీద నా కోపమంతా ఇందుకే.

అయితే కుర్రాడిని రోడ్డు మీదకు తోసిన వాళ్లలో టీవీ ఒక్కటే లేదు. అతని ఊళ్లో ఉన్న స్ట్రిప్ ఏమైందో కూడా అడగాలి. ఎన్‌హెచ్‌ఆర్‌ఏను 1951లో వాలీ పార్క్స్ పెట్టిందే రోడ్డు మీది పందేలను ఒక చోటికి చేర్చడానికి. కాలిఫోర్నియాలోని శాంటా అనాలో 1950లో విమానాల రన్‌వే మీదే పోటీలు మొదలయ్యాయి. 1953లో పొమోనాలో స్థానిక పోలీసులే తోడు నిలిచి ఎగ్జిబిషన్ గ్రౌండ్ పార్కింగ్ స్థలంలో రేసు జరగనిచ్చారు. లయన్స్ క్లబ్బుల చొరవతో 1955లో వచ్చిందే లయన్స్ స్ట్రిప్. అది 1972లో మూతపడింది. ఈ మధ్య చూస్తే 2018లో ఇంగ్లిష్‌టౌన్‌లో డ్రాగ్ రేసులు ఆపేశారు, 2021లో అట్లాంటా, 2023లో హ్యూస్టన్, అదే ఏడాది డెన్వర్ దగ్గరి బాండిమీర్ స్ట్రిప్పులు మూతపడ్డాయి. ఊరు పెరిగి, భూమికి రేటు వచ్చాక స్ట్రిప్ నిలబడటం కష్టం. స్ట్రిప్ పోయినంత మాత్రాన కార్లు తోలే సరదా పోదు.

మన దగ్గరా కథ ఇదే, ఇంకా అన్యాయంగా. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో వీకెండ్ రాత్రుల బైక్ రేసుల మీద పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారు. రోడ్డు మీద రేసింగ్‌కు జరిమానాను 2019 సవరణతో 500 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. పెంచడం సబబే, ఎదురుగా వచ్చే డెలివరీ బాయ్‌కు, రోడ్డు దాటే ముసలావిడకు ఆ పందెంతో సంబంధం లేదు. కానీ 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ చుట్టూ రోడ్లు మూసి, కాంక్రీటు గోడలు, కంచెలు కట్టి విద్యుత్ కార్ల 'ఫార్ములా ఈ' రేసు నడిపింది ఇదే నగరం. ఆ రేసు ఖర్చుల వివాదం వేరే చర్చ. ప్రపంచ స్థాయి రేసు కోసం సర్కారు రోడ్డునే ట్రాక్‌గా మార్చగలిగినప్పుడు, మన పిల్లల కోసం 400 మీటర్ల తారు దారి వేయలేమా?

వేయాల్సిన పని కూడా పెద్దగా లేదు. ప్రకాశం జిల్లా దొనకొండలో, పశ్చిమ గోదావరి తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వేలు ఉన్నాయి. అమెరికాలో ఈ ఆట పుట్టింది రన్‌వే మీదే. దేశంలో మోటార్ స్పోర్ట్‌కు ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనే సమాఖ్య ఉంది, లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ రేసులు జరిగాయి. రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా శాఖలను మనం అడగాల్సింది ఇంతే: నెలకో ఆదివారం ఒక రన్‌వే, ఒక ఫైర్ ఇంజన్, రెండు అంబులెన్సులు, హెల్మెట్ చూసి లోపలికి పంపే ఇద్దరు అధికారులు, కుర్రాళ్లు కట్టగలిగిన ప్రవేశ రుసుము. శనివారం రాత్రి పట్టుబడిన కుర్రాడికి చలానా రాసే ఎస్సై, ఆ ఆదివారం ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పగలగాలి. డెబ్బై ఏళ్ల కిందట పొమోనా పోలీసులు చేసింది అదే.