మాది ఫ్యామిలీ కంపెనీ సార్

"మాది ఫ్యామిలీ కంపెనీ సార్" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది, పర్సు ఉందా లేదా అని. బెంగళూరులో ఇంటి రిపేరు చేయించుకున్న తెలుగువాళ్లెవరి దగ్గరైనా ఈ ముక్క అని చూడండి. ఏం జరిగిందని అడగరు. "మీకెంత వదిలింది?" అని మాత్రం అడుగుతారు.

మాది రామమూర్తి నగర్‌లో థర్టీ ఫార్టీ సైటు, అంటే ముప్పై అడుగులకి నలభై, పన్నెండు చదరాలు. పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీద నిలబడ్డ పాత ఇల్లు. అమ్మకి రెండు మోకాళ్లూ మార్చారు, మెట్లెక్కలేదు. కింద కారు షెడ్డుని గది చేసి, దానికో బాత్రూము పెట్టి, హాలు గోడ కొట్టి ఒక తలుపు పెడితే చాలు. పని ఇంతే. కారు ఎక్కడ పెడతారంటారా? రోడ్డు మీద. ఈ ఊళ్లో ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోట ఎవరో ఒకరు కాపురమో జిరాక్స్ షాపో పెట్టేసి ఉంటారు, మళ్లీ వాళ్లే సాయంత్రం ట్రాఫిక్ అని ఏడుస్తారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, ఒప్పుకుంటున్నా.

పెద్ద కంపెనీలు మొబైల్ యాప్‌లో కొటేషన్ పంపాయి, చూసి కళ్లు తిరిగాయి. అప్పుడు మా గుడి స్నేహితుడొకాయన "మదనపల్లి వైపు మనోళ్లే, తండ్రీ కొడుకులు, ఇంట్లో మనుషుల్లా చేస్తారు" అన్నాడు. నేను వినాల్సింది ఆ చివరి ముక్క. మన ఇంట్లో మనుషులు ఏ పనైనా చెప్పిన టైముకి చేసి పెట్టారా ఎప్పుడైనా? ఫ్యాన్ బాగుచేస్తానన్న బావమరిది మూడేళ్లుగా చేస్తూనే ఉన్నాడు. అయినా నమ్మాను.

ఆ కంపెనీ నిర్మాణం గురించి కాస్త వివరంగా చెప్పాలి, మేనేజ్‌మెంట్ కాలేజీల్లో చెప్పరు కాబట్టి. ఛైర్మన్ పెద్దాయన. ఆయన డ్యూటీ మా గేటు దగ్గర, మా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మా గోడని చేత్తో తట్టి "ఆ కాలం పనే వేరు" అనడం. పెద్దకొడుకు సివిల్. చిన్నకొడుకు ఇంటీరియర్స్, అంటే అతని ఫోన్‌లో త్రీడీ బొమ్మలుంటాయి. ప్రతి బొమ్మలోనూ ఒక తెల్ల సోఫా, ఒక మొక్క, కిటికీలోంచి సముద్రం. మా కిటికీ తెరిస్తే పక్కింటి గీజరు పైపు కనిపిస్తుంది. అల్లుడు పర్చేజ్. సిమెంటు, ఎమ్‌శాండ్, టైల్స్ అన్నీ ఆయనే తెస్తాడు, బిల్లులు మాత్రం ఎప్పుడూ వేరే ప్యాంటు జేబులో ఉంటాయి. వీళ్లందరికీ పైన అసలు మెదడు పెద్దాయన భార్య. కలెక్షన్ డిపార్ట్‌మెంట్ ఆమెది. ఫోన్ చేస్తుంది. "అమ్మగారి మోకాళ్లు ఎట్లుండాయి నాయనా? నూనె రాస్తా ఉండారా?" అని పది నిమిషాలు మాట్లాడి, పెట్టేసే ముందు "ఇంకో యాభై వేలు ఏస్తే పిల్లోళ్లు రేపు వచ్చేస్తారు" అంటుంది. మేస్త్రీ మీద అరవచ్చు. అమ్మ వయసు మనిషి మీద ఎట్లా అరుస్తాం? ఆ సంగతి ఆమెకి తెలుసు, అందుకే ఫోన్ ఆమె చేతిలో పెట్టారు.

అగ్రిమెంట్ రాసుకుందామంటే పెద్దాయన ముఖం చిన్నబోయింది. పెళ్లిచూపుల్లో అమ్మాయి పళ్లు లెక్కపెట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను. బిల్లు అడిగితే అల్లుడు "బిల్లయితే 18 శాతం జీఎస్టీ సార్, మన మధ్యలో బిల్లేంది?" అన్నాడు. నలభై రోజుల్లో పూర్తి అన్నారు. సగం డబ్బు అడ్వాన్స్ ఇచ్చాను, నోటిమాట మీద, 2024 ఫిబ్రవరిలో.

మొదటి రోజే హాలు గోడకి సుద్దతో గీత గీశారు. నాకెందుకో భయమేసి, అయిదు వేలిచ్చి ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచాను. ఆయన చూసి, పైన రెండు గదుల బరువూ ఈ గోడ మీదే ఉంది, ముందు జాకీలు పెట్టి పైన బీమ్ వేసి ఆ తర్వాతే కొట్టాలి అన్నాడు. ఆయన వెళ్లాక పెద్దకొడుకు నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. "బయటి మనిషిని పిలిచినారు కదా సార్" అన్నాడు చివరికి, గొంతు వణుకుతుండగా. మా ఆవిడ కూడా ఎందుకో నన్నే తప్పుపట్టింది, పాపం ఆ అబ్బాయి టీ కూడా తాగలేదంట.

తర్వాత క్యాలెండరు పని మొదలైంది. మార్చిలో ఊళ్లో నీళ్ల కరువు, తాగేనీళ్లు కట్టడాలకి వాడితే అయిదు వేల జరిమానా అన్నారు జలమండలివాళ్లు. శుద్ధి చేసిన మురుగునీళ్లు వాడుకోండి అని కూడా అన్నారు, ఆ సగం మా వాళ్లకి వినపడలేదు. కొత్త కాంక్రీటుకి కనీసం ఏడు రోజులు నీళ్లు పెట్టాలి కదయ్యా అంటే, "ఏం యోచన చేయద్దండి సార్, బెంగళూరు చలవ, ఏసీ మాదిరి, అదే సెట్ అయిపోతాది" అన్నాడు పెద్దకొడుకు. ఆ ఏప్రిల్‌లో బెంగళూరు 38 డిగ్రీలు దాటింది. ఏప్రిల్ 26న ఇక్కడ పోలింగు, కుటుంబమంతా ఓటేయడానికి నాలుగు రోజులు సెలవు. మే 13న ఆంధ్రలో పోలింగు, అదే కుటుంబం అదే వేళ్లతో ఓటేయడానికి పన్నెండు రోజులు సెలవు. ప్రజాస్వామ్యం మీద అంత భక్తి నేను ఎమ్మెల్యేలలో కూడా చూడలేదు. జూన్ 2న ఒక్కరోజే 111 మిల్లీమీటర్ల వాన పడింది, నూట ముప్పై ఏళ్లలో జూన్ నెలలో అంత వాన ఎప్పుడూ పడలేదట. ఆ రాత్రి మా ఇంటికి గోడ లేదు, టార్పాలిన్ పట్టా ఉంది. కాసేపటికి అదీ లేదు.

ఇంతవరకూ అందరి ఇళ్లలో జరిగేదే. అసలు కథ ఆషాఢంలో మొదలైంది. వాళ్ల ఊళ్లో ఉన్న మామిడి తోట పంపకాల్లో అన్నదమ్ములు చెడ్డారు. మాటలు ఆగిపోయాయి. మాటలే, పని ఆగలేదు, అదే మా ఖర్మ. మా బాత్రూము నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు. అందులో ఇద్దరూ వీపులు ఆనించుకుని పని చేస్తున్నారు, గుమ్మంలో నేను నిలబడాలి.

"సార్, మా యన్నకి చెప్పండి, నహానీ ట్రాప్ ఆ మూలకి వద్దు, ఈ మూలకి పెట్టమని."

నహానీ ట్రాప్ అంటే నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ. నేను తలతిప్పి, రెండడుగుల దూరంలో ఉన్న అన్నకి తెలుగులోంచి తెలుగులోకి అనువాదం చేసి చెప్పాను.

"సార్, వాడికి చెప్పండి, నేను తాపీ పట్టినప్పుడు వాడికి చెడ్డీ లేదని."

అది నేను చెప్పలేదు. చెప్పకపోతే "చెప్పినారా సార్?" అని అడిగాడు. చెప్పాను. ఆఫీసులో ఇరవై మంది టీమ్‌ని నడిపే మనిషిని, సోమవారం పొద్దున లీవు పెట్టి, మా సొంత బాత్రూము గుమ్మంలో నిలబడి ఒక మనిషికి చిన్నప్పుడు చెడ్డీ లేదన్న సమాచారం చేరవేశాను.

ఫలితం ఇప్పటికీ చూడవచ్చు, ఎంట్రీ ఉచితం. ఎడమ గోడ అన్న వాటా, పన్నెండు పద్దెనిమిది టైల్స్. కుడి గోడ తమ్ముడి వాటా, పన్నెండు ఇరవైనాలుగు. మూలలో రెండు గీతలూ కలవాల్సిన చోట రెండంగుళాలు తేడా, అక్కడ తెల్ల సిమెంటు పూశారు, సరిహద్దు రాయి పాతినట్టు. నేల ఇంకా ఘోరం. అన్న తన సగానికి ట్రాప్ వైపు వాలు ఇచ్చాడు. తమ్ముడు తన సగానికి తను అనుకున్న మూలకి వాలు ఇచ్చాడు, ఆ మూల తలుపు దగ్గరుంది, అక్కడ ట్రాప్ లేదు. మధ్యలో ఒక గట్టు. చెంబెడు నీళ్లు పోస్తే సగం కాలవలోకి పోతాయి, సగం అమ్మ మంచం కిందికి వస్తాయి. పంపకం మాత్రం న్యాయంగా జరిగింది.

ఆ తర్వాత పంచాయతీ. ఒక ఆదివారం పొద్దున మొత్తం కుటుంబం దిగింది. సిమెంటు బస్తాల మీద ఒక పక్క అన్న, ఒక పక్క తమ్ముడు, ఇసుక కుప్ప మీద అల్లుడు, కుర్చీలో పెద్దాయన. "మీరు చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి సార్" అన్నారు. నేను పుట్టీ డబ్బా బోర్లించుకుని కూర్చున్నాను. మా ఆవిడ ఏడు గ్లాసులు టీ తెచ్చింది, అందులో నాకు లేదు. అల్లుడు తన భార్యకీ వాటా రావాలన్నాడు. నాకు తెలిసిన చట్టం నేను చెప్పాను, 2005 నుంచి ఆడపిల్లకీ సమాన హక్కే, ఆంధ్రలో ఎన్టీఆర్ ప్రభుత్వం అంతకు ఇరవై ఏళ్ల ముందే ఆ దారి వేసింది అని. నోరు మూసుకోవాల్సింది. అన్నదమ్ములు ఆరు వారాల తర్వాత మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఇద్దరూ కలిసి నా మీద కోప్పడ్డారు, పదకొండు రోజులు పనికి రాలేదు. అల్లుడు మాత్రం వచ్చి, "భలే చెప్పినారు సార్" అని డబ్బు తీసుకెళ్లాడు, టైల్స్‌కి.

నవ్వుతున్నారు కదా. నేనూ ఈ కథ చెప్పి ఆఫీసులో చాలాసార్లు నవ్వించాను. నవ్వు రాని సంగతి ఒకటి ఉంది.

ఆ గోడ కొట్టింది అన్నా కాదు, తమ్ముడూ కాదు. రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒక మొగుడూ పెళ్లాం. అతను రబ్బరు చెప్పులేసుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని కటింగ్ మిషన్ పట్టుకున్నాడు. ఆమె తట్టలు మోసింది. వాళ్ల పాప చీర ఉయ్యాల్లో, సారవ కర్రకి వేలాడుతూ, ఆ ఎర్ర దుమ్ములో నిద్రపోయేది. ఇంజనీర్ చెప్పాడు కాబట్టి జాకీలు పెట్టారు. చెప్పకపోతే ఆ కప్పు కింద మొదట ఉండేది ఛైర్మన్ కాదు, ఆ ఉయ్యాల. ఒక శనివారం బటవాడా ఇవ్వలేదు వాళ్లకి. ఎందుకంటే నేను బాత్రూము వాలు సరిచేసేదాకా డబ్బివ్వనని బిగబట్టాను, ఆ బిగింపుని కంపెనీవాళ్లు నేరుగా ఆ ఇద్దరి మెడకి చుట్టారు. "సార్ ఇయ్యలేదమ్మా, మేమేం చేస్తాం" అన్నారట. కంపెనీ అల్లుడుగారి కొత్త ఫోను మాత్రం ఆ వారమే వచ్చింది. తోటలో ఎవరికెంత అని మా గుమ్మంలో గంటలు గంటలు కొట్టుకున్న వాళ్లు, ఒక ఆడమనిషి ఆరు రోజులు మోసిన మట్టికి కూలి ఎగ్గొట్టడానికి ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఏం ఫ్యామిలీ అయ్యా మీది? మొగుడూ పెళ్లాం పిల్లా కలిసి పనికొచ్చిన ఆ ముగ్గురిది ఫ్యామిలీ కంపెనీ, మీది కాదు. ఆ డబ్బు నేను ఆమె చేతికిచ్చాను, అది గొప్ప కాదు, వారం ఆలస్యంగా ఇచ్చాను.

అదే ఏడు అక్టోబర్ 22న, మాకు కాస్త దూరంలో బాబుసాపాళ్యలో వానలో కడుతున్న బిల్డింగ్ కుప్పకూలింది, పర్మిషన్ ఉన్నదానికంటే ఎక్కువ అంతస్తులు లేపారు. పోయినవాళ్లు కూలీలు. టీవీలో ఆ ఇనుప చువ్వలు చూస్తుంటే నాకు మా హాలు గోడ మీది సుద్దగీత గుర్తొచ్చింది. మనకి చట్టం లేక కాదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో ఒకటి చేశారు, అందులోనే సొంతిల్లు పది లక్షల లోపు పనైతే వర్తించదని మినహాయింపు రాశారు. నా పని తొమ్మిది లక్షల చిల్లర. అప్పటి ఆ చట్టం ప్రకారం నేను ఎవరికీ హెల్మెట్ కొనక్కర్లేకపోయింది. భలే ఉంది.

పని నవంబర్‌లో ముగిసింది, అంటే వాళ్లు రావడం మానేశారు. అమ్మ వాకర్ ఆ బాత్రూము తలుపులో పట్టదు. ఇంటీరియర్స్ ఆయన త్రీడీ బొమ్మలో వాకర్ లేదు మరి. అమ్మ హాల్లోనే పడుకుంటోంది, గదిలో ఊరగాయ జాడీలు పెట్టింది, మంచం కింద మాత్రం ఏమీ పెట్టదు.

మొన్న తమ్ముడు వచ్చాడు, భార్యతో కలిసి. అన్నతో పూర్తిగా విడిపోయాడట, సొంతంగా పెట్టుకున్నాడట, కొత్త విజిటింగ్ కార్డు ఇచ్చాడు, గులాబీ రంగు. బాత్రూములోకి తొంగిచూసి నాలుక కరుచుకుని, "ఇదేంది సార్, ఎవురు చేసింది ఇట్లా? మా యన్న పనే. మేం సరిచేస్తాం, మాది ఫ్యామిలీ కంపెనీ" అన్నాడు. నాకు మాట రాలేదు. అతను హాల్లోకి తిరిగి, "పెద్దమ్మా, మజ్జిగుంటే ఇట్లా ఇస్తావా" అన్నాడు.

అమ్మ మంచం మీంచి లేవకుండా అంది, "ఉంది నాయనా. ముందు ఆ మంచం కింద నీళ్లు తోసేసిరా, వైపర్ తలుపు వెనకాలుంది."