గర్భగుడిలో నా గుండు

నిన్నటి సంగతి. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి కాబట్టి తొందరగా చెప్పేస్తాను. నల్లగొండలో ఉపాధ్యాయులకు సాంకేతిక శిక్షణ. బడి గోడలకు పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి కదా, వాటి మీద పిల్లలకు చూపించే బొమ్మలు కూడా మనమే తయారు చేసుకోవాలట. ఉదయం హాజరు యాప్ నా ముఖాన్ని మూడుసార్లు పరిశీలించి మూడుసార్లూ గుర్తించలేదని తేల్చింది. నాలుగోసారి కళ్లద్దాలు తీస్తే గానీ నేను నేనేనని ఒప్పుకోలేదు.

ఐదుగురికో జట్టు, జట్టుకో పది సెకన్ల స్టాప్ మోషన్ చిత్రం. వస్తువును వెంట్రుకవాసి కదపడం, ఫొటో తీయడం, మళ్లీ కదపడం. సెకనుకు 12 ఫొటోల లెక్కన మొత్తం 120. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణని అంశం నాకే వదిలేశారు. నేనేమైనా తక్కువ తిన్నానా? పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం తీద్దామన్నాను.

ఊరి పక్కనే ఉన్న గుడి, కందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. సూర్యుడు ఎటు జరిగినా ఒక గర్భగుడిలో లింగం మీదుగా స్తంభం లాంటి నీడ పగలంతా అలాగే నిలిచి ఉంటుంది. వెలుగు ఒక్క దిక్కు నుంచి సూటిగా పడకుండా స్తంభాల సందుల్లోంచి చెదిరి రావడంలోనే ఉంది కిటుకు. ఏటా నల్లబల్ల మీద గీసి చెబుతాను. ఏటా పిల్లలు అర్థమైనట్టు తల ఊపుతారు. అందుకే ముందు ఒకే టార్చితో నీడ ఎలా పరుగెడుతుందో చూపిద్దామనుకున్నాను.

అట్టపెట్టె గుడి, సుద్దముక్కలు స్తంభాలు, మార్కర్ మూత శివలింగం. కట్టడం గురించి చెప్పను, రెండుసార్లు కూలింది. ఫోను స్టాండు శిక్షణ సామగ్రి పట్టికలో ఉంది, బల్ల మీద లేదు. "మీ చెయ్యి వణకదు సార్, మీరే పట్టుకోండి" అన్నారు జట్టువాళ్లు. గుడి మీదికి వంగి గంటసేపు నిలబడ్డాను. గది చీకటిగా ఉండాలని మొత్తుకున్నాను కూడా. శిక్షణ ఇచ్చే అబ్బాయి వింటేనా? పావుగంటకోసారి మా ఫొటోలు పైకి పంపాలట, చీకట్లో ముఖాలు పడవట. అలా నా నెత్తి వెనుక గోడకున్న ఎల్‌ఈడీ బల్బు వెలుగుతూనే ఉంది.

మధ్యాహ్నం పెద్ద తెర మీద ప్రదర్శన. మా చిత్రం మొదలైంది. టార్చి సూర్యుడు బుద్ధిగా తూర్పు నుంచి పడమరకు నడిచాడు. సుద్దముక్కల నీడలూ నడిచాయి. నడవనిది ఒక్కటే. లింగం వెనుక గుండ్రంగా, నున్నగా, గంభీరంగా ఒక నీడ.

"శిఖరం భలే కుదిరింది" అన్నారు తెలుగు సారు.

"శిఖరానికి చెవులు ఉంటాయా?" అన్నారు లెక్కల మేడమ్. ఆవిడకు ప్రతిదీ రుజువు కావాలి.

సభ నిశ్శబ్దంగా తెర వైపు చూసింది, తర్వాత నా వైపు, తర్వాత మళ్లీ తెర వైపు. ఉదయం నా ముఖాన్ని గుర్తించని ప్రభుత్వంలోనే నా తల నీడను ఎనభై మంది ఒక్క చూపులో గుర్తించారు. ఎండలో సైకిలు తొక్కి, వేసవి సెలవుల్లో జనాభా లెక్కలు రాసి, ఎన్నికల పెట్టెలు మోసి సంపాదించుకున్న తల అది. ఇంతవరకూ దాన్ని అంత పెద్దదిగా నేనే చూడలేదు. అద్దంలో ముందు భాగమే కదా కనిపిస్తుంది. నడినెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలు కూడా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

అంతటితో పోతే బాగుండేది. ఏడో సెకనులో నీడ ఉన్నట్టుండి ముందుకు ఒరిగి లింగానికి నుదురు తాకించి లేచింది. అది 84వ ఫొటో. అప్పుడు తుమ్మాను. తీసేయమంటే, 12 వంతుల్లో ఒక వంతు సెకను ఎవరికి కనిపిస్తుందిలే సార్ అన్నారు. అందరికీ కనిపించింది.

"భక్తుణ్ణి కూడా పెట్టారే!" అని సాంఘికశాస్త్రం మేడమ్ చప్పట్లు కొట్టారు. శిక్షణ ఇచ్చే అబ్బాయి ముచ్చటపడి, చిత్రం దానంతటదే తిరుగుతూ ఉండేలా మీట నొక్కాడు. ఆపడం ఎలాగో ఆ అబ్బాయికీ తెలియదు. తెర తాకితే బొమ్మ పెద్దదైంది, మళ్లీ తాకితే ఇంకా పెద్దదైంది. టీ వచ్చేదాకా, పది సెకన్లకోసారి, గోడంత గుండు వంగి దండం పెడుతూనే ఉంది.

"మీ ఉద్దేశం నెరవేరింది కదా సార్, నీడ కదలలేదు" అన్నాడు చివరికి. సూర్యుడు కదిలినా నీడ కదలకపోవడానికి కారణం ఆ అబ్బాయి ఆర్పనివ్వని బల్బేనని చెప్పబోయాను. అప్పటికే మా చిత్రాన్ని ఉత్తమమని రాసి పైకి పంపేశాడు.

రాత్రి ఫోను నిండిపోయిందని హెచ్చరిక వస్తే ఆ 120 ఫొటోలు తీసేద్దామని కూర్చున్నాను. మా గ్రూపులో సందేశం పడింది. రెండో విడత శిక్షణ సోమవారమట. స్టాండ్లు రాలేదట. ఉత్తమ జట్టు సభ్యులు తప్పక రావాలట, ముఖ్యంగా ఫోను పట్టుకున్న సారు.