కోరం అక్కర్లేని ప్రజాభిప్రాయం

ఏజెన్సీలో ఏ గనికో డ్యాముకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగిందని వార్త వస్తే, పోనీలే, జనాన్ని అడిగారు కదా అనుకుంటాం. అడిగారు, నిజమే. కానీ 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కోరం, అంటే ఇంతమంది రావాలన్న కనీస హాజరు, అక్కర్లేదన్న సంగతి ఎంతమందికి తెలుసు? ఊళ్లోవాళ్లు పదిమందే వచ్చినా, షామియానా నిండా పోలీసులూ కంపెనీ మనుషులే ఉన్నా సభ సభే. వచ్చినవాళ్లంతా వద్దన్నా ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కుతుంది, అంతే. ఓటింగ్ ఉండదు, తీర్మానం ఉండదు.

అదే నియమగిరి చూడండి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒడిశాలో 12 గ్రామసభలు పెడితే, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, మరుసటి జనవరిలో కేంద్రం వేదాంత కంపెనీ గనికి అనుమతి నిరాకరించింది. మనవాళ్లకంటే అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోందులకు తెగువ ఎక్కువని కాదు, వాళ్ల చేతికి అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ దొరికింది. ఈ చట్టం కింద పెట్టే గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి.

ఆ దెబ్బ తిన్నాక ఢిల్లీ ఊరుకుంటుందా? అటవీ భూమి ఇచ్చే ముందే గ్రామసభ సమ్మతి ఉండాలని 2009లో తానే చెప్పిన కేంద్రం, 2022 నిబంధనల్లో ముందు తన అనుమతి ఇచ్చేసి, గిరిజనుల హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకుంటుందనేసింది. అన్నీ ఖాయమయ్యాక అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? 2025 సెప్టెంబరులోనైతే అణు, కీలక ఖనిజాల గనులకు అసలు ప్రజాభిప్రాయ సేకరణే తీసేశారు. నల్లమలలో యురేనియం వద్దని 2019లో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది కదా, రేపు ఆ ఫైలు మళ్లీ కదిలితే అమ్రాబాద్ చెంచులకు ఆ ఉత్తుత్తి షామియానా కూడా ఉండదు.

ఇలా అందర్నీ అడుగుతూ పోతే ప్రాజెక్టులు ఆలస్యమవుతాయి, ఎన్జీవోలు జనాన్ని రెచ్చగొడతాయి అనేవాళ్లు ఉన్నారు. సరే, పోలవరం ఎందుకు ఆలస్యమైంది? నిధుల తగాదా, వరదకు దెబ్బతిన్న డయాఫ్రం వాల్, అదే డ్యాము కింద నేలలో కట్టే గోడ. కొండరెడ్లూ కోయలూ ఆపింది కాదు.

ఇంకోటి, నాకు ఎప్పుడూ మండే విషయం, భాష. వందల పేజీల పర్యావరణ నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో ఇచ్చేది సారాంశం మాత్రమే. 2020లో ఆ 2006 నోటిఫికేషన్ బదులు తేబోయిన కొత్తదాని ముసాయిదాను ఇంగ్లీషు, హిందీల్లో వదిలేస్తే, మిగతా భాషల్లోనూ ఇవ్వండని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సొచ్చింది. ఢిల్లీని తిట్టి ఏం లాభం, అధికార భాషా చట్టం వచ్చిన 1966 నుంచీ మన సచివాలయాలు మాత్రం ఏం వెలగబెట్టాయి? తెలుగే రెండో భాషైన కోయ గూడేలకు ఇంగ్లీషు నివేదిక పంపి అభ్యంతరాలుంటే చెప్పమంటున్నాం. నివేదిక మొత్తం తెలుగులో ఇవ్వొద్దని, గూడెంలో కోయ భాషలో చదివి వినిపించొద్దని ఏ చట్టమూ అనలేదు. ఈ సభలు పెట్టే రెండు తెలుగు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లూ ఆ పని ఎందుకు చేయట్లేదో చెప్పాలి.