బోరు వేసే ముందు గెట్టు తేల్చండి

నల్లమల మీద ఫేస్‌బుక్‌లో రెండే రకాల పోస్టులు కనిపిస్తున్నాయి. ఒకటి "అడవి జోలికి రావొద్దు". రెండోది "అడవి పేరు చెప్పి పేదోడి పొట్ట కొట్టొద్దు". రెండింటికీ లైకులు బాగానే వస్తాయి. అడవి ఎక్కడ మొదలవుతుంది, సాగు ఎక్కడ ఆగాలి, ఆగినందుకు ఆ రైతుకు ఇవతల ఏం దక్కాలి అన్న లెక్క మాత్రం రెండింట్లోనూ ఉండదు.

2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలుపెట్టింది. 12,600 కోట్లు, 2.1 లక్షల మంది గిరిజన రైతులు, 6 లక్షల ఎకరాల పోడు పట్టా భూములు. అంటే మనిషికి సుమారు 6 లక్షలు. బోరు, సోలార్ పంపు, డ్రిప్, పండ్ల మొక్కలు. పథకం మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. నా గొడవంతా వరుస గురించి: ముందు అడవికీ చేనుకూ మధ్య గెట్టు తేలాలి, ఆ తర్వాతే బోరు పడాలి.

"ఉన్న ఎకరంలో ఆదాయం పెరిగితే అడవి నరకరు" అని చాలామంది నమ్ముతారు. సగమే నిజం. నీళ్లు లేని చల్కలో వానాకాలం పత్తి ఒక్కటే పంట, అదీ వాన దయ. బోరు పడి యాసంగిలో పల్లి కూడా వస్తే ఆ ఎకరం విలువ ఒక్కసారిగా లేస్తుంది. దాంతోపాటు దాన్ని ఆనుకొని ఉన్న అడవి ఎకరం మీద ఆశ కూడా లేస్తుంది. గెట్టు గట్టిగా ఉంటే కొత్త నీళ్లు ఉన్న పొలంలోనే ఇంకుతాయి. గెట్టు లేకపోతే అవే నీళ్లు గొడ్డలికి బలమిస్తాయి.

బ్రెజిల్ సంగతి చూడండి. అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది, 2012లో 4,571. అదే ఎనిమిదేళ్లలో ఆ దేశంలో సోయా దిగుబడి పెరిగిందే కానీ తగ్గలేదు. ఉపగ్రహంతో నరికివేతను దాదాపు అప్పటికప్పుడే పట్టుకునే డిటెర్ పద్ధతి, కొత్త రక్షిత ప్రాంతాలు, నరికిన నేలలో పండిన సోయాను కొనబోమని 2006లో వ్యాపారులు చేసుకున్న ఒప్పందం, ఇవన్నీ కలిశాయి. నాకు వీటిలో ముఖ్యమనిపించేది 2008 నాటి నిబంధన: అమెజాన్ ప్రాంతంలో భూమి కాగితాలు, పర్యావరణ నిబంధనలు సరిగ్గా ఉన్నవాళ్లకే బ్యాంకు పంట అప్పు. ఆ తర్వాత పట్టు సడలింది, 2021లో నరికివేత మళ్లీ 13 వేల చదరపు కిలోమీటర్లు దాటింది.

దాన్ని యథాతథంగా ఇక్కడ దింపుదామంటే కుదరదు. పోడు రైతుకు అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు పోతుంది కానీ అమ్మకానికి పనికిరాదు. తాకట్టు లేని పంట రుణం 2 లక్షల దాకా ఉన్నా, చిన్న రైతు ముందు నిలబడేది విత్తనాల దుకాణం దగ్గరే. ఎరువుల షాపాయన ఉపగ్రహ చిత్రం చూసి అప్పివ్వడు కదా. కాబట్టి మన దగ్గర షరతు పెట్టడానికి పనికొచ్చేవి బ్యాంకు కంటే సర్కారు ఇచ్చే పంపు, రైతు భరోసా పెట్టుబడి సాయం.

ఇక గెట్టు. రెవెన్యూ దగ్గర సేత్వార్ (సర్వే నంబర్ల మూల రికార్డు), టీపన్ (ఒక్కో నంబరు కొలతల పటం), గ్రామ నక్షా ఉంటాయి. ఫారెస్టు దగ్గర అడవి బ్లాకుల నోటిఫికేషన్లు ఉంటాయి. కొన్ని నిజాం కాలం 1355 ఫస్లీ (అంటే 1945 ప్రాంతం) అటవీ చట్టం కిందివి, కొన్ని 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కిందివి. 1967 చట్టంలో సెక్షన్ 4 అంటే అడవిగా చేయబోతున్నామన్న ప్రతిపాదన, సెక్షన్ 15 అంటే విచారణ అయ్యాక తుది ప్రకటన. మధ్యలో ఆగిపోయిన బ్లాకుల్లో ఇద్దరి మాటా చెల్లుతుంది, అంటే ఎవరి మాటా చెల్లదు. దానికి తోడు 1:50,000 స్కేలు టోపోషీట్ (సర్వే ఆఫ్ ఇండియా పటం) మీద గీసిన హద్దు. ఆ షీటు మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. పెన్ను గీత మిల్లీమీటరు మందం ఉంటే, కిలోమీటరు పొడవున 5 హెక్టార్లు, అంటే పన్నెండెకరాల పైచిలుకు, ఆ సిరా కిందే ఉంటుంది! ఒక ఊరి తగాదాకు అంత చాలు. ఇండోనేషియా కూడా 2016లో శాఖల పటాలన్నీ ఒక్కటి చేసే పని ఇదే స్కేలుతో మొదలుపెట్టింది. దేశానికి సరిపోతుంది, గెట్టుకు సరిపోదు.

ఫలితం రెండువైపులా చెడ్డది. సర్వే నంబర్లో కొంత అడవి ఉందని నంబరు మొత్తాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో పెడితే, తాతల నాటి పట్టాదారు బిడ్డ పెండ్లికి అరెకరం అమ్ముకోలేడు. ఇంకోచోట కాగితం మీద సర్కారీ పోరంబోకు అని ఉన్న నిఖార్సయిన అడవి చడీచప్పుడు లేకుండా చేనైపోతుంది.

జాయింటు సర్వే అంటే జీపులో వచ్చి సంతకాలు పెట్టి పోవడం కాదు. ఆకు రాలి చూపు ఆనే ఫిబ్రవరి నుంచి మే లోపే చేయాలి. మండల సర్వేయరు, బీట్ ఆఫీసరు, ఊరి అటవీ హక్కుల కమిటీ కలిసి నడవాలి. ఫోన్‌లోని జీపీఎస్ చెట్ల కింద ఐదు పది మీటర్లు ఇట్టే తప్పుతుంది. ఆ తప్పును సరిదిద్దుకుంటూ కొలిచే డీజీపీఎస్ కావాలి. మూలలు మాత్రమే కొలిచి మధ్యలో వాగు తిరిగిన వంపును వదిలేస్తే మళ్లీ తగాదా అక్కడే పుడుతుంది. ప్రతి మలుపు దగ్గర నంబరున్న రాయి, ఆ నంబరు రెండు శాఖల రికార్డుల్లోనూ ఒకటే, చివర గ్రామసభలో చదివి వినిపించడం. ఇవేవీ కొత్తవి కావు. జరగకపోవడానికి అసలు కారణం, ఇద్దరు అధికారులూ తలా ఒక పటంతో వచ్చి తలా ఒక పటంతోనే తిరిగిపోవడం.

అటవీ హక్కుల పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కు ముందే ఆ భూమి సాగులో ఉండాలి. ఈ గడువు తేదీతో ఇంకో చిక్కు ఉంది. పోడు భూమిని కొన్నేళ్లు పడావు పెడతారు, అప్పుడు పాత ఉపగ్రహ చిత్రంలో అది పొదల అడవిలాగే కనిపిస్తుంది. చిత్రం ఒక్కటే చూసి దరఖాస్తు కొట్టేస్తే ఊరు నేర్చుకునే పాఠం ఏంది? ఇంచు కూడా పడావు పెట్టొద్దు అని. పెద్దల వాంగ్మూలాలు, నేల మీది గుర్తులు కూడా సాక్ష్యమేనని నిబంధనల్లోనే ఉంది.

డబ్బు విషయానికి వస్తే, రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000. అడవిగా నిలబడ్డ ఎకరానికి ఊరికి వచ్చేది సున్నా. ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే ఏ ఎకరం పెరుగుతుందో చెప్పడానికి సైంటిస్టు అక్కర్లేదు. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటా పంచేటప్పుడు అడవికి 10 శాతం వెయిటేజీ ఇచ్చింది. అడవి ఉన్నందుకు రాష్ట్రానికి లెక్క కడుతున్నారన్నమాట. అడవి అంచున ఉన్న పదర, లింగాల, చందంపేట పంచాయతీల దాకా ఆ లెక్క రావాలి కదా? బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రం 1991లోనే చట్టం చేసి, రాష్ట్ర అమ్మకపు పన్ను వాటాలో కొంత రక్షిత భూమిని బట్టి మున్సిపాలిటీలకు పంచుతోంది. ఇక్కడ గ్రామసభకు అటవీ హక్కుల చట్టంలోని ఫారం-సి కింద సామూహిక అటవీ వనరుల హక్కు (ఊరి అడవిని ఊరే కాపాడుకునే హక్కు) ఇచ్చి, ఆ హద్దులోపల అడవి ఎంత మిగిలితే అంత సొమ్ము ఏటా దాని ఖాతాలో వేయొచ్చు. మొక్కలు నాటాం, పచ్చదనం పెరిగిందని చూపించే అంకెలతో మోసపోకండి. కేంద్ర అటవీ సర్వే లెక్కలో హెక్టారు విస్తీర్ణం, అందులో 10 శాతం చెట్ల కొమ్మల నీడ ఉంటే మామిడితోట కూడా "అటవీ విస్తీర్ణమే".

హద్దు అంటే జేసీబీతో కందకం తీయడమే అనుకునేవాళ్లకు ఒక మాట. అమ్రాబాద్ పొడ తూర్పు పశువులు మేతకు నల్లమలనే నమ్ముకున్నవి. మందబాట, నీటి గుంట పటంలో లేకుండా కందకం తవ్వితే, ఎక్కడో ఒకచోట రాత్రికి రాత్రి పూడ్చేస్తారు. అక్కడి నుంచి ట్రాక్టరు కూడా దిగుతుంది.

పంటల సంగతీ ప్రణాళికలోకి రావాలి. అడవి అంచున పల్లి, మక్క వేస్తే అడవిపందికి విందు పెట్టినట్టే. అంచు సాళ్లలో ఆముదం వేస్తే పంది ముట్టదు. మామిడి పది మీటర్ల ఎడంతో ఎకరానికి 40, ఐదు మీటర్లతో 160 మొక్కలు పడతాయి, కానీ చేతికి పంట రావడానికి నాలుగైదేళ్లు. ఆ నాలుగైదేళ్లు మధ్య సాళ్లలో కంది, పెసర, ఉలవ ఉండాలి, వాటిని కొనేవాడుండాలి. లేకపోతే మూడో ఏట మొక్కలు ఎండుతాయి, పంపు పక్క చేనుకు పోతుంది, పక్క చేను అడవిలోకి జరుగుతుంది. అందుకే పంపు మంజూరు కాగితం మీద రైతు పేరు, పట్టా నంబరుతోపాటు హద్దురాయి నంబరు కూడా ఉండాలి. ఏటా రైతు భరోసా వేసే ముందు ఆ రాయి దాటి దున్నారో లేదో చూడాలి. దాటితే ఆ సీజన్ డబ్బు ఆపి, వెనక్కి తగ్గాక ఇవ్వాలి. పట్టా జోలికి మాత్రం పోవద్దు. పట్టా పోతుందన్న భయం పుట్టిన రోజు ఊళ్లో ఒక్కడు కూడా సర్వేకు గొలుసు పట్టుకోడు.